సంచి లేకుండా ఆ మార్కెట్టుకు వెళ్ళొద్దు

ఈ మధ్య వియత్నాం వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళు పెట్టిన వీడియోలు వరసపెట్టి చూశాను. మనవాళ్ళు అక్కడికి వెళ్ళడం బాగా పెరిగింది, వీడియోలకూ కొదవ లేదు. బానా కొండల మీద రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టు కట్టిన వంతెన, హోయి ఆన్‌లో లాంతర్లు, హాలాంగ్ బేలో పడవ షికారు, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట కూరగాయల మార్కెట్టు. మిగతావన్నీ ఎవరికి తోచినట్టు వాళ్ళు తీశారు గానీ మార్కెట్టు ఘట్టం మాత్రం అందరిదీ ఒక్కటే. ఫోను ముందుకు చాచి ఇరుకు సందులోకి జొరబడడం, కప్పల బుట్ట దగ్గర ఆగడం, ముక్కు మూసుకోవడం, ‘వీళ్ళు తినని ప్రాణి అంటూ లేదు’ అని తీర్పు చెప్పేయడం.

ఒకాయన నీళ్ళ తొట్టెలో కొట్టుకుంటున్న నల్లటి చేపల్ని దగ్గరగా చూపించి, ‘బతికున్నవే అమ్మేస్తున్నారండీ’ అని తెగ వాపోయాడు. ఆ తొట్టెలో ఉన్నవి కొర్రమీనులు. తెలంగాణ రాష్ట్ర చేప. హైదరాబాదులో ఆదివారం పొద్దున ఇలాంటి తొట్టెల ముందే నిలబడి, ‘అది కాదు, ఆ మూలది తియ్యి’ అని వేలు పెట్టి చూపించి మరీ కొట్టించుకుంటాం. వియత్నాంలోని డానాంగ్ నగరం చేరేసరికి అదే చేప వింత జంతువైపోయింది.

ఆయనకు కొర్రమీను తెలియదని నేననుకోను. పులుసు పెట్టుకోవాలని ఆ తొట్టె ముందు నిలబడి ఉంటే చటుక్కున గుర్తుపట్టేవాడు, కిలో ఎంతని అడిగేవాడు. వట్టిగా చూసిపోవడానికి వచ్చాడు కాబట్టి ఆయనకు వింత కావాల్సి వచ్చింది, దొరికింది కూడా. నేననేది ఇంతే: పరాయి దేశంలో కూరగాయల మార్కెట్టుకు ఏదో ఒకటి కొనే పని ఉంటేనే వెళ్ళాలి. పని లేకుండా వెళితే వాళ్ళ దారికి అడ్డం, మనకు మిగిలేది వెకిలితనం. ఈ మాట మరీ మొరటుగా ఉందని మా ఇంట్లోనే అన్నారు. అందుకే కాస్త సాగదీసి రాస్తున్నాను.

ఆకుకూరల వరస

డానాంగ్‌లో మేం దిగింది సముద్రానికి దగ్గరగా, ఆన్ తువాంగ్ వీధుల్లో, చిన్న వంటగది ఉన్న ఒక అద్దె ఇంట్లో. నేను, మా ఆవిడ, మా అమ్మ. అమ్మ చేప, మాంసం ముట్టదు. వియత్నాంలో శాకాహారికి మాంసంతో పెద్ద ఇబ్బంది లేదు, అది కంటికి కనిపిస్తుంది, పక్కకు జరపవచ్చు. అసలు ఇబ్బంది పులియబెట్టిన చేపల నుంచి తీసే న్యుయోక్ మామ్‌తో. వేయించిన ఆకుకూరలోనూ అదే, నంజుకునే గిన్నెలోనూ అదే. ‘చాయ్’ (టీ కాదు, శాకాహారమని అర్థం) అని బోర్డు పెట్టిన బౌద్ధుల శాకాహార హోటళ్ళు ఊళ్ళో ఉన్నాయి, వాటిలో భోజనం బాగుంటుంది కూడా. కానీ పూటపూటకూ వాటిని వెతుక్కుంటూ పోయే కంటే రోజుకొక పూట వండుకోవడం నయమనిపించింది.

దగ్గర్లో బాక్ మీ ఆన్ మార్కెట్టు ఉంది. పర్యాటకుల్లో దానికి అవకాడో ఐస్‌క్రీము వల్ల పేరొచ్చింది. అసలు వ్యాపారం ఐస్‌క్రీము వేళకు చాలా ముందే, తెల్లవారుతూనే మొదలవుతుంది. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు బైకు దిగకుండానే ఒక కాలు నేలకానించి కట్ట ఆకుకూర, రెండు టోఫు (సోయా పాలతో చేసే పనీరు లాంటిది) ముక్కలు సంచీలో వేయించుకుని పోతుంటారు. మధ్యాహ్నానికి అమ్మేవాళ్ళు తమ బల్లల పక్కనే కునుకు తీస్తుంటారు.

అమ్మకు ఇంగ్లీషే అంతంతమాత్రం, వియత్నాం భాష సంగతి చెప్పక్కర్లేదు. ఆకుకూరల దగ్గరకు చేరేసరికి ఆమెకు నాతో అవసరం తీరిపోయింది. తోటకూర, బచ్చలి, మునగాకు. చెరువుల్లో పెరిగే తూటికూర మన ఊళ్ళలో దొరికినవాళ్ళు కోసుకొచ్చుకోవడమే తప్ప బజారులో పెద్దగా కనిపించదు. వియత్నాంలో దేశమంతా దాన్ని వెల్లుల్లి వేసి వేయించుకు తింటుంది. మనం లేహ్యాల్లోనూ మందు బిళ్ళల్లోనూ తప్ప చూడని సరస్వతి ఆకు అక్కడ కుప్పలుగా ఉంది, ఎండలకు రసం తీసుకుని చక్కెర కలిపి తాగుతారు. సొర, కాకర, బీర, బూడిదగుమ్మడి, అరటిపువ్వు, పచ్చి పసుపుకొమ్ములు. ‘అన్నీ మనవేగా’ అంది అమ్మ, ఎవరో మోసం చేసినట్టు.

బెండకాయల దగ్గర అలవాటు కొద్దీ తోకలు విరవడం మొదలుపెట్టింది. పుటుక్కున విరిగితే లేత, వంగితే ముదురు. విరిచిన వాటిలో నచ్చినవి ఏరి ఒక అరకిలో చేతికిచ్చింది. అమ్మే ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. తూకం వేయకుండా ఆ కాయలు పక్కన పెట్టి, గుట్టలో మిగిలిన తోక విరిగిన కాయలన్నీ తాపీగా ఏరి, వాటిలో కలిపి, అప్పుడు తూచింది. విరిచింది నువ్వు, కొనాల్సిందీ నువ్వే. భాష అక్కర్లేని న్యాయం. ‘గడుసుదే’ అని అమ్మ మెచ్చుకుని డబ్బులిచ్చింది.

ఆ పక్కనే తమలపాకు పిల్లల్లా ముచ్చటగా ఉన్న ఆకులు. అమ్మ ఒకటి తుంచి, నలిపి, వాసన చూసి, చెయ్యి అంత దూరం పెట్టేసింది. పచ్చి చేప వాసన. అది అచ్చంగా ఆకే, అందులో చేప లేదు, వియత్నాంలో దాన్ని పచ్చిగానే తింటారు. శాకాహారానికి ఇంత పరీక్ష పెట్టే మొక్కను నేనింకెక్కడా చూడలేదు. అమ్మే ఆవిడకు సంగతి అర్థమై పక్క బల్లావిడకు చెప్పింది, ఇద్దరూ విరగబడి నవ్వారు. నవ్వాక, ఒక పక్క పచ్చగా, ఇంకో పక్క ఊదాగా ఉండే వేరే ఆకు అందించింది. అది ఘుమఘుమలాడింది, కొన్నాం. మన సంతలోలాగే అక్కడా కొనేవాళ్ళను, అమ్మేవాళ్ళను అక్కా, పిన్నీ అని వరసలు పెట్టి పిలుచుకుంటారు కాబట్టి నవ్వులో ఎగతాళి ఉన్నా నొప్పి అనిపించదు.

బియ్యం కొట్టులో తెరిచిన పెట్టెల నిండా రకరకాల బియ్యం, ఒక్కోదానిలో ధర రాసిన అట్టముక్క గుచ్చి ఉంది. వండితే అతుక్కునేదో, పొంగి పొడిగా ఉండేదో కూడా దాని మీదే రాసి పెడతారు. ఎస్‌టీ 25 అనే రకం అక్కడ గొప్ప. సాక్ ట్రాంగ్ ప్రాంతంలో హో క్వాంగ్ కువా బృందం తయారుచేసిన వంగడం, 2019లో మనీలాలో జరిగిన పోటీలో ప్రపంచంలోకెల్లా మేటి బియ్యంగా గెలిచింది. కొట్టాయన అదే చూపించాడు. అమ్మ నాలుగు గింజలు పంటికింద వేసుకుని, ‘మెత్తగా ముద్దవుతుంది, పప్పన్నానికి పనికిరాదు’ అని తేల్చి, అంతకంటే చవకది తీసుకుంది. ప్రపంచ విజేతను కాదన్న విదేశీయుల వైపు ఆయన జాలిగా చూశాడు.

కందిపప్పు లేదు. పొట్టు తీసిన పెసరపప్పు మాత్రం ఎక్కడంటే అక్కడ ఉంది, వాళ్ళు తీపి వంటల్లోనూ, జిగురు బియ్యంతో చేసే ఉదయపు పలహారాల్లోనూ వాడతారు. చింతపండు దొరికింది. అన్నిటికంటే ఆశ్చర్యం వేరుశనగ నూనె: క్వాంగ్ నామ్ ప్రాంతంలో పసుపు వేసి చేసే ‘మీ క్వాంగ్’ అనే నూడుల్స్‌కు ఆ నూనె లేకపోతే రుచి రాదంటారు. ఆవాలు, జీలకర్ర, ఇంగువ అమ్మ ఇంటి నుంచే తెచ్చింది. ఆ మధ్యాహ్నం తూటికూర పప్పు.

మధ్యలో పౌర్ణమి వచ్చింది. చాంద్రమాసం మొదటి రోజున, పౌర్ణమి రోజున చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి ఆ పొద్దున మార్కెట్టు రూపే మారిపోయింది. టోఫు బల్లల ముందు జనం, ఎక్కడ చూసినా చామంతి పూలు, దేవుడి దగ్గర పెట్టడానికి తమలపాకులు, వక్కలు. అమ్మ ఆ రోజు ఇంకాసేపు ఉందామంది. వీడియో తీసినాయన ఆ రోజున వెళ్ళి ఉంటే ఏమనేవాడోనని నాకొక ఆలోచన వచ్చింది. బహుశా ‘పాపం వీళ్ళకు మాంసమే దొరకదు’ అనేవాడు.

బేరం

పర్యాటకులకిచ్చే సలహాల్లో మొట్టమొదటిది, చెప్పిన ధరలో సగానికి అడగమని. ఊరి నడిబొడ్డున ఉన్న హాన్ మార్కెట్టులో బట్టలు, బ్యాగులు కొనేవాళ్ళకు అది పనికొస్తుందేమో. ఆకుకూరల దగ్గర మాత్రం ఆ సలహా శుద్ధ దండగ. కట్ట 10,000 డాంగ్‌లంటే మొదట గుండె గుభేలుమంటుంది. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు కాబట్టి లెక్కవేస్తే 33 రూపాయలు. విదేశీయుడినని 2,000 కలిపి చెప్పారనుకున్నా, మనకు పోయేది ఏడు రూపాయల లోపే.

ఏడు రూపాయల సంగతి కాదు, మనిషి ముఖం చూసి ధర చెప్పడం తప్పు కదా అని ఒక మిత్రుడు వాదించాడు. చార్మినార్ దగ్గర ఆటోవాళ్ళు విదేశీయులకు రెట్టింపు చెబితే మనం సిగ్గుపడతాం, అక్కడ జరిగితే మాత్రం ముచ్చటపడాలా? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇంకో అనుమానం కూడా ఉంది. మనలాంటివాళ్ళు అడిగినంతా ఇచ్చుకుంటూ పోతే ఆ పేటలో బతికేవాళ్ళకు ధర పెరగదా? పెరగవచ్చు. అందుకే నేను చేసేది ఒకటే: కొనే ముందు ఎవరైనా స్థానికురాలి వెనక నిలబడి ఆవిడ ఎంత ఇచ్చిందో చూసి, నేనూ అంతే ఇస్తాను. చాలా మార్కెట్లలో తూకం సరిచూసుకోవడానికి కొనేవాళ్ళ కోసం విడిగా ఒక కాటా కూడా పెడతారు. ఇవన్నీ ఉండగా సగానికి అడిగి రచ్చ చేయడం దేనికి?

ఒక పొద్దున మన దేశం నుంచే వచ్చిన ఒక బృందం మామిడిపళ్ళ బుట్ట ముందు ఆగింది. అమ్మే ఆవిడ ఇంకా పళ్ళు పేరుస్తూనే ఉంది. వాళ్ళలో ఒకాయన ధర అడిగాడు, సగానికి అడిగాడు, ఆవిడ కొంత దిగితే ఇంకా దిగమన్నాడు, చివరికి ‘వద్దులే’ అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆవిడ ఒక కాగితం ముక్క వెలిగించి, బుట్ట చుట్టూ తిప్పి, కింద పడేసి చెప్పుతో తొక్కింది. ఎవరూ నాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ‘బోణీ చెడగొట్టాడు, చచ్చినోడు’ అని అమ్మ గొణిగింది. తొలి గిరాకీ బేరమాడి కొనకుండా పోతే రోజంతా నష్టమని అక్కడా గట్టి నమ్మకం, ఆ దోషం పోవడానికే కాగితం కాల్చడం. తొలి డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకునే దేశం నుంచి వెళ్ళి ఆ పని చేసిన పెద్దమనిషి, సొంత ఊళ్ళో బోణీవేళ అలా చేసి ఉండడు. పర్యాటకుడు కాగానే తెలిసిన మర్యాద కూడా మరిచిపోయాడు. అమ్మ నన్ను పంపి రెండు పళ్ళు కొనిపించింది, చెప్పిన ధరకే.

కొసరు కూడా ఉందక్కడ. ఆకుకూర కొంటే నాలుగు ఉల్లికాడలు, ఒకటో రెండో మిరపకాయలు ఊరికే పడేస్తారు. గీచిగీచి బేరమాడినవాడికి ఆ కొసరు అడగడానికి మొహం చెల్లదు.

డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త. ప్రతి బల్ల మీదా క్యూఆర్ కోడు ఉంటుంది, 2021 నుంచి వాళ్ళకు వియెట్‌క్యూఆర్ అనే ఏకీకృత పద్ధతి నడుస్తోంది. టీ కొట్లో కూడా ఫోను తీసే అలవాటున్న మనకు చెయ్యి అటే పోతుంది. అక్కడి బ్యాంకులో ఖాతా లేని మాకు అది అలంకారమే అయింది, నోట్లు పట్టుకెళ్ళాలి. నోట్లన్నిటి మీదా హో చి మిన్ బొమ్మే. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలిరంగులో ఉంటాయి. అమ్మ వాటిని రెండు వేరువేరు పర్సుల్లో పెట్టేసింది, పెద్ద పర్సు మార్కెట్టులో తెరవనే లేదు.

మా ఆవిడ అభ్యంతరం

‘ఇంట్లో రోజూ చేసే చాకిరీ కోసం విమానం ఎక్కి రావాలా?’ అని మా ఆవిడ మొదటే తేల్చి చెప్పి, టోపీ పెట్టుకుని సముద్రం వైపు వెళ్ళిపోయింది. నా వాదన మీద వచ్చిన దెబ్బల్లో బలమైనది ఇదే. మార్కెట్ల గురించి మైమరచి రాసేవాళ్ళలో నాలాంటి మగవాళ్ళు చాలామంది ఉంటారు, ఎందుకంటే మాకు అది సెలవురోజు సరదా. కూరగాయల సంచీ బరువు భుజానికి అలవాటైన మనిషికి అందులో వేడుక ఏముంటుంది? అమ్మ అక్కడ హుషారుగా ఉందని పైన రాశాను. అరవై దాటిన మనిషి ఇంత దూరం వచ్చి కూడా బెండకాయలే ఏరుతుంటే చూసి మురిసిపోవడం కొడుకుకు సులువు.

అమ్మనే అడిగాను. ‘హోటల్లో మీరిద్దరూ ఆ కాగితం చదివి నేను ఏది తినొచ్చో చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. ఇక్కడ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు’ అంది. ఆమె మాట ఆమెది, దాన్ని అందరికీ అంటగట్టను. మా ఆవిడతో కుదిరిన ఒప్పందం ఇది: మార్కెట్టు పిచ్చి ఎవరికుంటే కోయడం, వండడం, గిన్నెలు తోమడం కూడా వాళ్ళవే. ఆ లెక్కన తోమడం నావంతు వచ్చింది. ఇంటి దగ్గర కూడా ఇదే ఒప్పందం ఎందుకు నడవకూడదని ఆవిడ అడిగింది. ఆ చర్చ ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

ఇంకో అభ్యంతరం: అంత మంచి తిండి వీధి వీధికీ చవగ్గా దొరికే దేశంలో గదిలో కూర్చుని పప్పు వండుకోవడం అన్యాయం కాదా? మాంసాహారులకైతే నిజంగానే అన్యాయం. వాళ్ళు వండుకోవద్దు. కూరలే కొనాలని నా నియమం కాదు, కొనే అవసరం ఏదో ఒకటి ఉండాలి, అంతే. ఎవరో వండిపెట్టే చోట కూర్చుని తినడం కూడా ఆ పద్దులోకే వస్తుంది.

చూడాలనే కోరికే తప్పని కూడా అనను. హోయి ఆన్ దగ్గర చా క్వే అనే కూరగాయల పల్లె ఉంది, నదిలో దొరికే నాచును మళ్ళలో ఎరువుగా వేస్తారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో దాన్నీ చేర్చింది. అక్కడ మన చేతికి నీళ్ళ డబ్బాలిచ్చి మళ్ళు తడిపిస్తారు, ఫొటోలు తీసుకోమంటారు. అది చూసేవాళ్ళ కోసం చేసిన ఏర్పాటు, దానికి డబ్బు తీసుకుంటారు, ఎవరి పనికీ అడ్డం లేదు. బాక్ మీ ఆన్‌లో పొద్దున ఆరున్నరకు అలాంటి ఏర్పాటేమీ లేదు. ఇంటికి వెళ్ళి పిల్లలకు వండి పంపాల్సిన ఒకావిడ, నడవలో ఆగి తనను తాను వీడియో తీసుకుంటున్న మనిషి వెనక సంచీలతో ఎదురుచూస్తూ ఉంటుంది.

అలాగని కొన్నంత మాత్రాన ఆ ఊరితో చుట్టరికం కలిసిపోతుందని నేను చెప్పడం లేదు. బెండకాయలమ్మిన ఆవిడ వయసు చూస్తే, 1986 ఆర్థిక సంస్కరణలకు ముందు రేషన్ కూపన్లు పట్టుకుని సరుకుల కోసం నిలబడ్డ రోజులు ఎరిగినదే అయి ఉండాలి. ఆ కాలంలో ప్రభుత్వ దుకాణాల ముందు వరసలో తమ చోటు పోకుండా ఇటుకలు పెట్టి వెళ్ళేవారట. తిండికి అంత కటకటలాడిన దేశం 1989 నాటికి బియ్యం ఎగుమతి చేసింది. ఇవన్నీ నేను చదివి తెలుసుకున్నవి. ఆవిడ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దుటి గిరాకీ వేళ బెండకాయలమ్మే మనిషి మనకోసం తన దేశ చరిత్ర విప్పాలని ఆశపడితే, ముఖం మీదకు ఫోను చాచిన వాడికీ మనకూ పెద్ద తేడా లేదు.

వంటగది లేనివాళ్ళు

హోటల్లో దిగినవాళ్ళు ఏం కొనాలని అడుగుతారు. పళ్ళు కొనండి. మే నుంచి ఆగస్టు మధ్య వెళితే మాంగోస్టీన్, రంబూటాన్ దక్షిణాది నుంచి లారీల్లో దిగుతాయి. డ్రాగన్ పండు ఏడాది పొడుగునా ఉంటుంది. బిన్ తువాన్ వైపు రైతులు రాత్రిళ్ళు తోటలో బల్బులు వెలిగించి కాని కాలంలో కూడా దాన్ని పూయిస్తారు. సీతాఫలాలు దొరుకుతాయి. జామకాయ కొంటే ముక్కలు కోసి ఉప్పూకారం పొట్లం వేసి ఇస్తారు, దానికి మనకు వేరే శిక్షణ అవసరం లేదు. పచ్చిగా తినే ఆకుల జోలికి మాత్రం హోటల్లో దిగినవాళ్ళు వెళ్ళకపోవడమే మంచిది. మందులు చల్లారేమోనన్న భయం అక్కడివాళ్ళకూ ఉంది, ఇంటికి తెచ్చి ఉప్పునీళ్ళలో నానబెట్టి కడుగుతారు, హోటలు గదిలో ఆ సదుపాయం ఉండదు.

గుడ్డ సంచీ తప్పనిసరి. లేకపోతే ప్రతి పండుకూ ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు చొప్పున చేతికి తగిలిస్తారు. దురియన్ పండు తినాలనుంటే కొట్టావిడ చేతనే కోయించుకుని, అక్కడున్న పొట్టి స్టూలు మీద కూర్చుని తినేసి రండి. దాని వాసన ఘాటు కాబట్టి లోపలికి తేవద్దని చాలా హోటళ్ళు లిఫ్టు దగ్గరే బొమ్మ వేసి పెడతాయి.